ఎండాకాలపు గూళ్ళు

ఉగాది దాటిందంటే తెలంగాణలో వాగులు ఇసుక తేలతాయి. చెరువు నీళ్ళు తూము కిందికి దిగిపోతాయి. కోతలైన చేలల్లో కొయ్యకాళ్ళు తప్ప మరేమీ మిగలదు. పొద్దున పది దాటితే గడప దిగడానికి మనిషికి మనసొప్పదు. పైకి చూస్తే ఇది ఏ ప్రాణి అయినా ఎలాగో ఓర్చుకుని గడపాల్సిన కాలమే. పెరట్లో పిట్టల్ని గమనించే వాళ్ళకు మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. కాకి ముక్కున పుల్ల కరుచుకుని వేపచెట్టులోకి దూరుతుంది. గోరింకల జంట గోడ కన్నం ముందు గడ్డిపోచలతో వాలుతుంది. ఎండిన మునగ కొమ్మకు కంసాలి పిట్ట తొర్ర తొలుస్తూ ఉంటుంది. అందరికంటే చిన్నది, తేనెపిట్ట, అందరికంటే ముందే గూడు మొదలుపెట్టేసి ఉంటుంది.

నీడలోనే నలభై డిగ్రీలు దాటే రోజుల్లో గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచే పని ఎందుకు పెట్టుకుంటాయివి? జూన్‌లో వాన పడ్డాక చల్లగా ఆ పని చేసుకోవచ్చు కదా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న వెంటే నడుస్తుంది.

ముందు తేనెపిట్టనే దగ్గరగా చూద్దాం. మా ఇల్లు హైదరాబాదుకు పడమటి శివార్లలో ఉంది. పెరడు పెద్దదేమీ కాదు. ఒక మామిడి, ఒక కానుగ, ప్రహరీ పక్కన వేప, మునగ, కరివేపాకు, వంటింటి కిటికీకి ఎదురుగా మందార. ఆ మందార కొమ్మ చివరే ఊదా తేనెపిట్ట గూడు కడుతుంది. మగపిట్ట దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. కాస్త తల తిప్పి ఎండకు నిలబడితే ఒంటి మీద ఊదా, నీలం, ఆకుపచ్చ ఒక్కసారిగా మెరుస్తాయి. ఆ మెరుపు ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు. ఈకల్లో నల్లని మెలనిన్ రేణువులు పలుచని పొరలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు పొర పొరకీ తిరిగి వస్తూ కొన్ని రంగులను పెంచి, కొన్నిటిని చెరిపేస్తుంది. అందుకే కోణం మారితే రంగు మారుతుంది. ఈ సింగారం కూడా ఏడాది పొడుగునా ఉండదు. గూళ్ళ కాలం ముగిశాక మగపిట్ట ఈకలు రాల్చి, ఆడపిట్టలాగే పసుపు పొట్టతో, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లని చార మాత్రం మిగుల్చుకుని తిరుగుతుంది.

గూడు కట్టేది ఆడపిట్ట ఒక్కతే. మగది కేబుల్ తీగ మీద కూర్చుని పాడుతుంది, పక్క మగవాటిని తరుముతుంది. ఆడది చూరు కింద సాలెగూడు ముందు గాలిలో ఒక్క క్షణం నిలబడి, పట్టుపోగును ముక్కుకు చుట్టుకుని లాక్కుని వస్తుంది. దాన్ని కొమ్మకు చుట్టి, ఆ చుట్టుకు గడ్డినార అంటించి, మళ్ళీ సాలెపట్టు కోసం వెళుతుంది. ఈ పట్టుకు రెండు గుణాలున్నాయి. అది అంటుకుంటుంది, తెగకుండా సాగుతుంది. పిల్లలు రోజురోజుకూ పెరుగుతుంటే గూడు పిగిలిపోకుండా వాటితో పాటే సాగడానికి అంతకు మించిన సరుకు పెరట్లో మరొకటి లేదు. పైన ఎండుటాకు తునకలు, బెరడు పేళ్ళు, గొంగళి పురుగుల రెట్టలు అతికిస్తుంది. పూర్తయ్యాక చూస్తే, గాలికి కొట్టుకొచ్చి సాలెగూట్లో చిక్కుకున్న చెత్త అనుకుంటాం గానీ గూడనుకోం. పక్కన ఒక ద్వారం, దాని మీద చిన్న పంచపాళీ లాంటి కప్పు. లోపల జిల్లేడు దూది, మెత్తని నూగు. ఈ రోజుల్లో బయటి గోడల బూజు దులపకూడదన్నది మా ఇంట్లో నియమం.

రెండో మూడో గుడ్లు పెట్టి, రెండు వారాల పాటు ఆడపిట్టే పొదుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక మగదీ మేత తెస్తుంది. అప్పుడు దాని ముక్కు వంక చూడాలి. పేరుకు తేనెపిట్ట, రోజంతా పూల చుట్టూ తిరిగే ప్రాణి. పిల్లల నోట్లో పెట్టేది మాత్రం ఎక్కువగా పచ్చని పురుగులు, చిన్న చిన్న సాలీళ్ళు. మకరందమంటే చక్కెర నీళ్ళు. ఎగరడానికి శక్తినిస్తుంది గానీ కండ, ఈక, ఎముక దానితో కట్టలేం. అందుకు మాంసకృత్తులు కావాలి. గింజలు తినే పిచ్చుక, పళ్ళు తినే పికిలి పిట్ట కూడా తమ పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులే పెడతాయి. కాబట్టి మన ప్రశ్న ఇంకొంచెం పదునెక్కింది. వాన చుక్క లేని ఏప్రిల్‌లో ఈ పురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

జవాబు కానుగ చెట్టు దగ్గర ఉంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చేసిన కానుగ, చైత్రం వచ్చేసరికి నిగనిగలాడే లేతాకు తొడుగుతుంది. రావి రాగిరంగు చిగురు వేస్తుంది. వేప చిగురూ పూతా ఒకేసారి మోస్తుంది. వాన పడకుండానే, భూమి ఎండిపోతుండగానే ఇదంతా జరుగుతుంది. లోతుకు పోయిన వేళ్ళు, కాండంలో దాచుకున్న నీరు వీటికి ఆధారం. మరి చెట్టయినా వానకోసం ఆగవచ్చు కదా? నీలగిరుల కింద ముదుమలై ఆకురాల్చు అడవుల్లో చెట్లు చిగురు వేసే తీరును శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. వానకు ముందే చిగురించిన చెట్లకు పురుగుల బెడద తక్కువ. వానలతో పాటు ఆకుతిండి పురుగుల దండు బయలుదేరే నాటికి వాటి ఆకు ముదిరి, గట్టిపడి ఉంటుంది. ఆలస్యంగా చిగురించినవే ఎక్కువ నష్టపోయాయి. అంటే చెట్టు పురుగును తప్పించుకోవడానికి ముందే చిగురిస్తోంది. అయినా పూర్తిగా తప్పించుకోలేదు. ఎండాకాలంలో ఉన్న కాసిన్ని పురుగులకూ ఆ లేతాకు తప్ప వేరే దిక్కు లేదు గనక అన్నీ అక్కడే చేరతాయి. దర్జీ పిట్టకు, తేనెపిట్టకు కావలసింది కూడా అదే. పెరడంతా వెతకక్కరలేదు, కానుగ చిగురు చాలు. అవి ఆకు ఆకునూ తిప్పి చూసుకుంటూ పోవడం అరగంట సేపు గమనిస్తే, ఆ చెట్టుకు అవి ఎంత మేలు చేస్తున్నాయో అర్థమవుతుంది.

పూల సంగతీ అంతే. మోదుగ, బూరుగ, బాడిద ఆకులు రాల్చి, బోడి కొమ్మల మీద ఎర్రగా పూసేది శిశిరం చివర్లోనే. ఆకు అడ్డం లేని పువ్వు దూరం నుంచి కనిపిస్తుంది. పిట్టలు మకరందం తాగి, నుదుటికి పుప్పొడి పూసుకుని మరో చెట్టుకు పోతాయి. రావి, మర్రి, మేడి పళ్ళు వేసవిలోనూ దొరుకుతాయి. మన కంటికి బోసిగా కనిపించే ఈ రెండు నెలల్లో చెట్ల మీద తిండి బాగానే ఉంటుంది. నేల మీద లేదంతే.

తిండి ఉంటే సరిపోదు, అది రాబోతోందని ముందే తెలియాలి. గూడు కట్టి, గుడ్డు పెట్టి, పొదిగి, పిల్ల నోరు తెరిచే సరికి నెల పైనే పడుతుంది. చిగురు చూశాక మొదలుపెడితే పిల్ల పుట్టే నాటికి ఆకు ముదిరిపోతుంది. ఈ ముందస్తు కబురు పిట్టలకు ఎలా అందుతుందన్నది 1920ల దాకా ఎవరికీ తేలలేదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ అనే జంతుశాస్త్రవేత్త, జుంకోలనే చిన్న పిట్టలను గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరాల్లో ఉంచి, సాయంత్రాలు విద్యుద్దీపం వెలిగించి వాటి పగటిని పొడిగించాడు. బయట నడి శీతాకాలం. అయినా మగపిట్టల వృషణాలు వసంతంలోలాగే పెరిగాయి. కబురు తెచ్చేది వేడి కాదు, పగటి నిడివి. ఆ తర్వాతి దశాబ్దంలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా బాతుల మీద ప్రయోగాలు చేసి, దీనికి కళ్ళు కూడా అక్కరలేదని చూపించాడు. వెలుతురు పుర్రెను దాటి మెదడు లోపలి కణాలను నేరుగా తాకుతుంది.

మన దగ్గర ఈ గడియారం ఇంకా సున్నితంగా పనిచేయాలి. ఎడ్మంటన్‌లో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తొమ్మిది గంటలకు పైనే తేడా. హైదరాబాదులో ఆ తేడా దాదాపు రెండు గంటలే. మార్గశిరంలో పదకొండు గంటల పైచిలుకు ఉన్న పగలు, జూన్ నాటికి పదమూడు దాటుతుంది. అందుకే ఉష్ణమండలపు పిట్టలు పగటి నిడివి ఒక్కదాని మీదే ఆధారపడవు. ఒంటిని సిద్ధం చేసేది వెలుతురైతే, ఇక మొదలుపెట్టమని చెప్పేది తిండి, వాన. ఒకే పెరట్లో ఒక పిట్ట మార్చిలో, మరొకటి జూలైలో గూడు కట్టడానికి కారణం ఇదే.

పెరడు దాటి బయటికి వెళితే వేసవి మరింత కటువుగా ఉంటుంది, చూడదగ్గవి కూడా అక్కడే ఎక్కువ. సూర్యోదయానికి ముందే చెరువు గట్టు చేరాలి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మాకు దగ్గర. నీళ్ళు వెనక్కి పోయి, నెర్రెలిచ్చిన ఒండ్రు బయటపడే రోజులివి. తుమ్మచెట్ల మీద గులాబీ గోరింకల గుంపులు తెల్లారకుండానే గోల పెడతాయి. శ్రావణ భాద్రపదాల నుంచే ఇక్కడికి చేరుకుని, చలికాలమంతా మన జొన్నచేల మీద బతికిన పిట్టలివి. ఏప్రిల్ ముగిసేలోపు వెళ్ళిపోవాలి. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో మిడతలు పుట్టే వేళకు వాటి పిల్లలు పుట్టాలి. గట్టు పక్కన ఏ చెట్టు పండినా గుంపంతా దాని మీద పడి, పొద్దంతా తిని కొవ్వు పట్టించుకుంటాయి. ఒక వారం కొమ్మలన్నీ గులాబీ, నలుపు. మరుసటి వారం ఒక్కటీ కనిపించదు.

తీగల మీద పాలపిట్ట. దసరాకు దాన్ని చూస్తే మంచిదని పొలాలకు వెళ్ళే వాళ్ళం, చైత్రంలో మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది నిజంగా చూడదగ్గది చైత్రంలోనే. మగపిట్ట బొంగురు గొంతుతో అరుస్తూ నిట్టనిలువుగా పైకెగిరి, అక్కడి నుంచి రెక్కలు అటూ ఇటూ పొర్లిస్తూ కిందికి దూకుతుంది. కూర్చున్నప్పుడు కనిపించని లేతనీలం, ముదురునీలం పట్టీలు ఆ పొర్లింతలో విచ్చుకుంటాయి. తాటిమోడు తొర్ర దాని ఇల్లు. 2023లో వచ్చిన 'భారతదేశ పక్షుల స్థితి' నివేదిక, తగ్గిపోతున్న పిట్టల్లో దీన్ని చేర్చింది. తెలంగాణ రాష్ట్ర పక్షిగా దాని బొమ్మను గోడల మీద వేసుకోవడం కంటే, పొలం గట్టున మోడుబారిన తాడిని నరకకుండా ఉంచడం దానికి ఎక్కువ ఉపకారమని నా నమ్మకం.

చెరువు ఎగువన రాళ్ళ నేల మీద తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది. దాని అరుపు రాత్రిపూట వినిపిస్తే కీడని పల్లెల్లో అంటారు. అది అరిచేది తన గుడ్ల దగ్గరికి నక్కో కుక్కో మనిషో వచ్చాడని. గూడంటూ ఏమీ ఉండదు. నేల మీద చిన్న పల్లం, చుట్టూ కాసిని గులకరాళ్ళు, నడుమ మట్టిరంగు మచ్చల గుడ్లు నాలుగు. మీద ఆకు నీడ కూడా పడదు. గాలి నలభై రెండు డిగ్రీలుంటే ఆ నేల యాభై దాటి కాలుతుంది. గుడ్డు లోపలి పిండానికి ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది డిగ్రీలు సరిపోతాయి. నలభై దాటి ఎక్కువసేపు ఉంటే బతకదు. ఇక్కడ పొదగడమంటే వెచ్చబెట్టడం కాదు, చల్లబరచడం. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని, గుడ్ల మీద కూర్చోకుండా కాళ్ళ మీద నిలబడి, ఒంటి నీడ వాటి మీద పడేలా చూసుకుంటాయి. ఎండ ముదిరాక ఒకటి చెరువుకు నడిచి వెళ్ళి, నీళ్ళలో పొట్ట ఆనించి, ఒళ్ళు అటూ ఇటూ ఊపి పొట్ట ఈకలు బాగా తడిసేలా చేసుకుంటుంది. ఆ తడితో తిరిగివచ్చి గుడ్ల మీద వాలుతుంది. నీరు ఆవిరవుతూ గుడ్డు వేడిని తీసుకుపోతుంది. ఆ తడి ఆరేలోపు రెండోది నీళ్ళకు బయలుదేరుతుంది. నాలుగు వారాల పాటు ఇదే పని. దుర్భిణిలో ఒక్క మధ్యాహ్నం ఇది చూసిన వాళ్ళు ఆ పిట్టను మళ్ళీ అపశకునమనలేరు.

పిట్టలకు చెమట గ్రంథులు లేవు. వాటి ఒంటి వేడి మామూలుగానే నలభై, నలభై రెండు డిగ్రీల మధ్య ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కాక ఒంటి నుంచి వేడి తనంతట తాను బయటికి పోదు. నీటిని ఆవిరి చేయడమొక్కటే దారి. నడి మధ్యాహ్నం కాకి నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా వేలాడేసి వగర్చడం ఇందుకే. ఒళ్ళు ఎంత చిన్నదైతే నీరు అంత త్వరగా పోతుంది. అందుకే చిన్న పిట్టలు తొమ్మిది లోపు పని ముగించి, నాలుగున్నర దాకా ఆకుల చాటున కదలకుండా ఉంటాయి. వాటికోసం నీళ్ళు పెట్టేవాళ్ళు వెడల్పాటి మట్టి మూకుడు ఎంచుకోవాలి. రెండు అంగుళాల లోతు చాలు, నడుమ ఒక రాయి ఉండాలి, నీడ ఉండాలి. నీళ్ళు రోజూ మార్చి కడగాలి. మురిగిన నీళ్ళతో పిట్టలకు జబ్బులు అంటుకుంటాయి.

ఇలాంటి సంగతులు మన నేల మీద మొదట గమనించింది నేలతో బతికే మనుషులే. 1840లలో నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చిన టి.సి. జెర్డన్, ఆ ప్రాంతపు యానాదుల దగ్గర జంతువుల గురించీ పిట్టల గురించీ చాలా తెలుసుకున్నాడు. 1860లలో ఆయన ప్రచురించిన భారతదేశపు పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు అన్ని చోటు చేసుకోవడానికి వాళ్ళే కారణం. 1931లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వే చేపట్టిన సాలిం అలీ పేరు అందరికీ తెలుసు. యానాదుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇక కోయిల. ఫాల్గుణం నుంచి దాని గొంతు వినిపిస్తుంది గనక, చలికాలమంతా అది మరెక్కడో ఉండి వసంతానికి వస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కడికీ పోదు. అదే రావిచెట్టులో నోరు మెదపకుండా పళ్ళు తింటూ ఉంటుంది. మామిడి చిగురు తిని గొంతు విప్పుతుందని కావ్యాలన్నీ చెప్పాయి. నిజానికి దాని కడుపు నింపేవి రావి, మర్రి, మేడి, వేప పళ్ళు. మామిడి గుబురు దానికి చాటు ఇస్తుంది. పాడేది ఎర్రకళ్ళ నల్లని మగపిట్ట. గోధుమరంగు మీద తెల్లని చుక్కలున్న ఆడపిట్ట కిక్ కిక్‌మని గబగబా అరుస్తుందే గానీ పాడదు.

కోయిల కాలం కాకి చేతిలో ఉంది. వేసవిలోనే కాకి గూడు కడుతుంది. పుల్లలు, కొబ్బరి పీచు, ఊళ్ళలోనైతే తుక్కు ఇనుప తీగలు కూడా. దాని పిల్లలు పెద్దవయ్యే వేళకు వానలు పడి పురుగులు పుష్కలంగా ఉంటాయి. ఆ గూట్లోనే కోయిల గుడ్డు చేరాలి. మగకోయిల గూటికి దగ్గరగా వచ్చి అరుస్తుంది, కాకులు రెండూ దాన్ని తరుముకుంటూ పోతాయి, ఆ సందున ఆడకోయిల గూట్లో దూరుతుంది. ఈ దృశ్యాన్ని చాలామంది పరిశీలకులు రాశారు. గుడ్డు కాకి గుడ్డు కంటే చిన్నది, రంగూ మచ్చలూ దగ్గరగానే ఉంటాయి. కాకి గుడ్డు పిగలడానికి పదహారు పదిహేడు రోజులు పడితే కోయిల గుడ్డుకు పన్నెండు నుంచి పద్నాలుగు చాలు. ముందు పుట్టిన పిల్లకు మేతలో మొదటి వాటా దక్కుతుంది. యూరప్ కోకిల పిల్ల, కళ్ళు తెరవకముందే ఇంటివాళ్ళ గుడ్లనూ పిల్లలనూ వీపుతో గెంటేస్తుంది. మన కోయిల పిల్ల సాధారణంగా ఆ పని చేయదు. కాకి పిల్లలతో కలిసి ఒకే గూట్లో పెరుగుతుంది. కాకి లాంటి తెలివిగల పక్షి కోయిల పిల్లను ఎందుకు తరిమేయదన్న ప్రశ్నకు, దానివల్ల కాకికి కలిగే నష్టం మరీ ఎక్కువ కాకపోవడం కొంత జవాబు కావచ్చు. జూన్‌లో ఏ వేపచెట్టు కింద నిలబడినా, ఎగరడం వచ్చిన కోయిల పిల్ల కాకి వెంటపడి మేత అడగడం చూడవచ్చు.

వీటన్నిటి నడుమ గిజిగాడు కదలడు. అతని ఒళ్ళు కూడా వెలుతురు కబురు అందుకుంటుంది. మే నాటికి మగవాటి నడినెత్తికి పసుపు రంగు ఎక్కడం మొదలవుతుంది. అయినా గూడు మొదలుపెట్టడు. గూటికి కావలసినవి పొడవాటి పచ్చి పోచలు, వరి ఆకులు. వానకు ముందు అవి ఉండవు. పిల్లలకు కావలసిన మిడతలూ అప్పుడుండవు. వేసవి పొద్దుల్లో పాడుబడ్డ దిగుడుబావుల మీద, ఈతచెట్లకు వేలాడేవన్నీ నిరుటి గూళ్ళే. కొన్నిటిలో జీనువాయిలు కాపురం పెట్టి ఉంటాయి.

తొలకరి పడి, మళ్ళలో నారు లేచాక ఒక్క వారంలో అంతా మారిపోతుంది. మగ గిజిగాళ్ళు ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, పట్టుకుని ఎగురుతూ పొడవాటి పేలిక చీల్చుకొస్తాయి. చెట్టుకు తూర్పు వైపున గూళ్ళు ఎక్కువ, నైరుతి గాలివాన దెబ్బ అటు తక్కువ గనక. మగది సగం దాకా, తలకిందుల బుట్ట ఆకారం వచ్చేదాకా అల్లి ఆగుతుంది. ఆడపిట్టలు వచ్చి ఆ అల్లికను పట్టి లాగి చూస్తాయి. ఒకటి ఒప్పుకున్నాకే మిగతా సగం, పొడవాటి గొట్టం అల్లుతుంది. ఆడది గుడ్ల మీద కూర్చోగానే మగది పక్క కొమ్మకు మరో గూడు మొదలుపెడుతుంది. 1930లో మహారాష్ట్ర తీరాన కిహిం గ్రామంలో వానాకాలమంతా ఒక గూళ్ళ చెట్టుకు ఎదురుగా మంచె మీద కూర్చుని, ఒకే మగపిట్ట వరుసగా ఇన్ని సంసారాలు నడుపుతుందని తేల్చినవాడు సాలిం అలీయే.